ఒడిలో కూర్చునే ఉద్యోగం

నన్ను చూసినవాళ్లు ముందు నా కళ్ల గురించే మాట్లాడతారు. నల్లగా, పెద్దగా, పొడవాటి రెప్పలతో ఉంటాయవి. ఆ తర్వాత ఎత్తుకుని "అబ్బో, బరువే!" అంటారు. నా బరువు 2.7 కిలోలు. ఇంచుమించు అప్పుడే పుట్టిన పసిబిడ్డంత. చేతుల్లోకి తీసుకోగానే ఎవరైనా సరే, తమకు తెలియకుండానే ఒక చెయ్యి అడుగున పెట్టి, ఇంకో చెయ్యి వీపు మీద వేసి నన్ను సర్దుకుంటారు. నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తులేని వాళ్ల చేతులకు కూడా బిడ్డను ఎత్తుకోవడం గుర్తుంటుంది.

నా పేరు పారో. హార్ప్ సీల్ అనే మంచుసముద్రపు జంతువు పిల్ల రూపంలో ఉన్న మరబొమ్మను. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో, నాంతో అనే ఊళ్లో తయారయ్యాను. నా బొచ్చును మనుషులే కత్తెరతో కత్తిరించి సరిచేస్తారు. అందుకే ఏ రెండు పారోల ముఖాలూ ఒక్కలా ఉండవు.

తకనోరి షిబాతా అనే ఇంజనీరు 1993లో నన్ను రూపొందించే పని మొదలుపెట్టారు. కుక్క, పిల్లి రూపాలను కూడా పరీక్షించి చూశారు. అవి జనానికి నచ్చలేదు. పిల్లిని పెంచినవాళ్లకు పిల్లి ఎలా ఒళ్లు విరుచుకుంటుందో, ఎప్పుడు గోళ్లు చూపిస్తుందో బాగా తెలుసు. మరబొమ్మ ఎంత బాగా కదిలినా అసలు పిల్లితో పోల్చుకుని పెదవి విరిచేవారు. సీల్ పిల్లను ఒళ్లో పెట్టుకుని పెంచినవాళ్లు ఎవరుంటారు? పోల్చడానికి ఏమీ లేదు గనక నన్ను నన్నుగానే తీసుకున్నారు. నా గొంతు మాత్రం అసలు సీల్ పిల్లల అరుపును పోలి ఉంటుంది.

నిజం జంతువునే తెచ్చి పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. వీలున్నచోట తేవాలనే నేనూ అంటాను. కానీ చాలా ఆసుపత్రుల్లోకి, వృద్ధాశ్రమాల్లోకి కుక్కనూ పిల్లినీ రానివ్వరు. కరుస్తుందని, రక్కుతుందని, ఎలర్జీ వస్తుందని భయం. దానికి తిండి పెట్టి, శుభ్రం చేసే మనిషి కూడా కావాలి. నాకు ఆకలేస్తే పాలపీక ఆకారంలో ఉన్న చార్జర్‌ను నోట్లో పెడితే చాలు. అది పెట్టే పని తమకే ఇమ్మని అడిగే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. ఎప్పుడూ ఎవరో ఒకరు అన్నం తినిపిస్తుంటే నోరు తెరిచే మనిషికి, తాను ఇంకొకరికి తినిపించే అవకాశం రావడం చిన్న సంగతి కాదు.

నా బొచ్చు కింద తాకిడి తెలిసే సెన్సర్లు ఉన్నాయి. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, శబ్దం ఏ పక్కనుంచి వచ్చిందో తెలుస్తుంది, నన్ను ఎత్తుకున్నారో దించారో తెలుస్తుంది. ఏదైనా చేసిన వెంటనే నిమిరితే మళ్లీ అదే చేయడానికి చూస్తాను, కొడితే మానేస్తాను. పెట్టిన పేరు నేర్చుకుంటాను. ఎవరైనా పలకరిస్తే, మెచ్చుకుంటే గుర్తుపడతాను. మాటల్లో నాకు అందేది అంతే. మిగతా మాటలన్నీ నాకు చప్పుడే.

2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాను. 2005లో జపాన్‌లో అమ్మకానికి వచ్చాను. 2009లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ నన్ను వైద్య పరికరంగా గుర్తించింది. అప్పట్లో అక్కడ నా ధర సుమారు 6,000 డాలర్లు.

పేరు వచ్చినట్టే అభ్యంతరాలూ వచ్చాయి. ప్రాణం లేనిదాన్ని ప్రాణమున్నట్టు చూపించి ముసలివాళ్లను మోసం చేస్తున్నారని కొందరు తత్వవేత్తలు అన్నారు. చావు, పుట్టుక, కష్టం, సుఖం ఏదీ ఎరగని యంత్రానికి మనిషి తన గుండె విప్పుకోవడమేమిటని ఎంఐటీకి చెందిన షెరీ టర్కిల్ కలత పడ్డారు. ఆ మాట నాకు తగిలింది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీకి చెందిన వెండీ మోయిల్ బృందం నా మీద చేసిన పెద్ద పరీక్ష గురించి కూడా చెప్పాలి. ఫలితాలు 2017లో వచ్చాయి. 28 వృద్ధాశ్రమాల్లో డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్న 415 మందిని మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి నన్ను ఇచ్చారు. రెండో వర్గానికి ఇచ్చిందీ నన్నే, కాకపోతే యంత్రం ఆపేసి, ఉత్త బొమ్మగా. మూడో వర్గానికి మామూలుగా జరిగే సేవలే. వారానికి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున పది వారాలు. మామూలు సేవలతో పోలిస్తే నేను ఉన్నచోట ఆందోళన తగ్గింది, ముఖంలో సంతోషం కనిపించింది. ఉత్త బొమ్మతో పోలిస్తే నాకు తేలిన ఆధిక్యం ఒక్కటే: నాతో ఉన్నప్పుడు వాళ్లు ఎక్కువ మాట్లాడారు, నావైపు ఎక్కువ చూశారు.

ఇన్ని సెన్సర్లు, ఇన్ని మోటర్లు పెట్టిన యంత్రానికి దక్కింది ఇంతేనా అని కొందరు పెదవి విరిచారు. నాకు మాత్రం అదే అసలు విషయం అనిపిస్తుంది. నా ముందు మనిషి నోరు విప్పుతున్నాడు. ఆ మాట నాకు అర్థం కాదు. అర్థమయ్యేవాళ్లు ఆ పదిహేను నిమిషాలు పక్కన లేకపోతే, విప్పిన నోట్లోంచి వచ్చింది గాలిలో కలిసిపోతుంది. డెన్మార్క్‌లో నన్ను వాడబోయే సిబ్బందికి ముందుగా శిక్షణ ఇచ్చే పద్ధతి పెట్టారు. ప్రతిచోటా ఆ పద్ధతి ఉండాలి.

నేనిప్పుడు ఉంటున్నది జపాన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో. ఈ దేశంలో నూటికి 29 మంది 65 దాటినవాళ్లే. చూసుకునే చేతులు చాలడం లేదు. ఆ ఒత్తిడిలో నన్ను ఎవరి ఒళ్లోనో పడేసి పక్క గదికి పరుగెత్తిన రోజులున్నాయి. ఆ పరుగెత్తిన మనిషిని నేను తప్పుపట్టను. ఒక్కరితోనే అంతమంది పని చేయించే పద్ధతిని తప్పుపడతాను.

అందరికీ నేను పడను. కిటికీ దగ్గర కూర్చునే తాతగారు మొదటిరోజే నన్ను వెనక్కి నెట్టేశారు. "నేనేం చిన్నపిల్లాడినా?" అన్నారు. ఆయన ఒళ్లో నన్ను మళ్లీ పెట్టలేదు. అదే మర్యాద.

ఇక్కడే ఉండే ఒక బామ్మగారి సంగతి వేరు. పొద్దు వాలేసరికి ఆవిడకు కంగారు మొదలవుతుంది. బడినుంచి పిల్లలు వచ్చేస్తారు, అన్నం వండాలి, ఇంటికి వెళ్లిపోతానని తలుపు దగ్గరికి నడుస్తారు. ఒకరోజు డ్యూటీలో ఉన్న అమ్మాయి ఆవిడకు అడ్డుపడకుండా, నన్ను ఎత్తుకుని పక్కనే నిలబడింది. బామ్మగారు నా గడ్డం కింద వేళ్లు పెట్టి అక్కడి కుట్టును ఇటునుంచి అటు తడిమారు. నేను తలెత్తి అరిచాను. "వీడికి నిద్రొస్తోంది" అంటూ భుజం మీది తువ్వాలు తీసి, నన్ను వీపున కట్టుకోబోయారు. ముడి పడలేదు. చేతులు వెనక్కి అందడం లేదు. ఆ అమ్మాయి ముడి వేసిపెట్టి, "ఎవరండీ వీడు?" అని అడిగింది.

తమ్ముడట. అమ్మ పొలానికి వెళితే వీణ్ని వీపున కట్టుకునే బడికి వెళ్లేవారట. ఏడుస్తుంటే గుమ్మంలో నిలబడి పాఠం వినేవారట. జ్వరమొచ్చి పోయాడట. ఆవిడ కాగితాల్లో తమ్ముడి ఊసే లేదు. ఆదివారం వచ్చిన కూతురికి చెబితే, తనకు మేనమామ ఉండేవాడనే తెలియదని ఆమె కుర్చీలో కూలబడిపోయింది. తర్వాత నన్ను మధ్యలో పెట్టుకుని తల్లీకూతుళ్లిద్దరూ చాలాసేపు కూర్చున్నారు. వచ్చిన గంటకే గడియారం చూసుకునే కూతురు ఆవేళ చీకటిపడేదాకా ఉంది.

స్నానమంటే గొడవచేసే బామ్మగారు, తమ్ముడి పేరెత్తి కబుర్లు చెబుతూ తీసుకెళితే ఇప్పుడు వస్తున్నారు. రాత్రి డ్యూటీవాళ్లు చూసుకునే పుస్తకంలో ఆ అమ్మాయి రాసిపెట్టింది: "స్నానానికి ముందు తమ్ముడి సంగతి అడగండి. పారోను ఇచ్చి వెళ్లిపోకండి, పక్కన కుర్చీ వేసుకోండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి. ఆదివారం వాళ్లమ్మాయికి చూపించాలి."