మూసీ గాలసూత్రము: టీకా తాత్పర్యము

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన మెతుకుసీమ వాడు. మేం నల్లగొండ వాళ్లం. ఆ ప్రతిన మూసీ దాటి ఇటు రాలేదు. అందుచేత నకిరేకల్ నుంచి హైవే మీద కేతేపల్లి దాటి, సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు కట్ట మీద వినబడిన మూడు వాక్యాలకు కావలసినదీ అక్కరలేనిదీ కూడా ఇక్కడ రాయబడును.

కాలం: స్వాతి కార్తె, దీపావళి వెళ్లిన వారం. సందర్భం: తెల్లవారకముందే గాలం కట్టె, ఎర్రల డబ్బా పట్టుకొచ్చి కూర్చున్నా బెండు కదలని ఒక నకిరేకల్ యువకుణ్ణి చూసి, వల భుజాన వేసుకుని పోతున్న పెద్దాయన జాలిపడి పలికినది. మూలకర్త పేరు అడగరాదు. సూత్రకారుల సంగతి ఎప్పుడూ అంతే.

మూలము

"అల్లుడా, నీళ్లు సల్లబడ్డయ్. సేప కిందికి వోయింది. పొద్దెక్కినంక గాలమెయ్."

టీక

అల్లుడా = ఓయీ అల్లుడా! మూలకర్తకు కూతుళ్లు లేరు. కనుక ఇక్కడ ముఖ్యార్థం కుదరదు, లక్షణను ఆశ్రయించవలె. 'తెలియనివాడా' అని ధ్వని. మర్యాద చెడకుండా వెర్రివాడా అనడానికి మా సీమలో ఇంతకన్న మంచి సంబోధన లేదు.

నీళ్లు సల్లబడ్డయ్ = నీరు చల్లనైనది. ఎవరికి? వాక్యంలో చతుర్థి లోపించింది. 'చేపకు' అని అధ్యాహారం చేసుకోవాలి. ఇది చేసుకోనివాడు సూత్రమంతా తప్పు చదువుతాడు. ఒడ్డున కూర్చున్నవాడికి స్వెటరుంది. చేపకు ఒంట్లో పొయ్యి లేదు. చుట్టూ నీరు ఎంత వెచ్చనో అదీ అంతే వెచ్చన. నీరు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు 25 నుంచి 30 డిగ్రీల నీటిలో పుష్టిగా మేస్తాయి. 20 దరిదాపులకు దిగితే ఎర ముక్కు ముందు ఆడినా ఆలోచిస్తాయి.

సేప కిందికి వోయింది = చేప లోతుకు దిగెను. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "నీరు 4 డిగ్రీల దాకా చల్లబడేకొద్దీ బరువెక్కుతుంది గదా. రాత్రి పైన చల్లబడిన నీరు అడుగుకే దిగుతుంది. చలికి జడిసిన చేప చలి దిగే చోటికే పోతుందా? మూలకర్త పొరపడ్డాడు" అని.

సమాధానం. 'కింద' అంటే బురద అని ఎవరన్నారు? చెరువుల వాళ్ల మాటలో కింద అంటే కట్ట దిక్కు, లోతు దిక్కు. మోకాలి లోతు నీరు ఒక్క రాత్రిలో వేడినంతా ఆకాశానికి ఒప్పజెప్పేస్తుంది. ఈ ప్రాజెక్టు నిండితే నీటిమట్టం 645 అడుగులు, నిల్వ 4.46 టీఎంసీలు, అంత నీరు ఒక్క రాత్రికి లొంగదు. కాబట్టి చేప వదిలింది ఒడ్డును. రెండో హేతువు కూడా ఉంది. ఎండాకాలం వేడినీరు పైన, చల్లనీరు కింద కలవకుండా ఉన్న రోజుల్లో అడుగున ప్రాణవాయువు కరువు. పైనీరు చల్లబడి దిగి అంతా కలిస్తే అక్కడికీ గాలి చేరుతుంది. పైగా 30 డిగ్రీల మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకుంటే, 20 డిగ్రీల నీరు తొమ్మిది పట్టుకుంటుంది. హైదరాబాదు మురుగు మోసుకొచ్చే నదికి ఆ ఒకటిన్నర మిల్లీగ్రాము చిన్న కానుక కాదు.

కొర్రమట్టకు ఈ రెండో హేతువు వర్తించదు. అది పైకొచ్చి గాలి మింగే చేప. ఊపిరాడనివాళ్లు మృగశిర నాడు నాంపల్లి మైదానంలో మింగే పిల్లచేప కూడా ఇదే కావడం కాకతాళీయమో, వైద్యమో, వ్యాఖ్యాత నిర్ణయించడు. కానీ చలికి దాని ఆకలీ తగ్గేదే.

పొద్దెక్కినంక గాలమెయ్ = ఎండ ముదిరిన పిమ్మట గాలము వేయుము. పది దాటితే ఒడ్డునీరు మళ్లీ కాగుతుంది, చేప మేతకు వస్తుంది. కల్యాణి చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే పెట్టి చేపలూ ఎరలూ వివరించాడు. ఆయన సామంతులు కందూరు చోడులు నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం తవ్వించారు. అంత పెద్ద ఏలికను తెల్లవారుజామున గాలానికి లేపే ధైర్యం ఎవరికీ ఉండి ఉండదు. ఆ విధంగా రాజులు కూడా ఈ సూత్రాన్ని పాటించినవారే.

పాఠాంతరము

మిన్నెసోటాలో ఉంటున్న మా మేనల్లుడు దీన్ని వాట్సాప్‌లో చదివి, "పొద్దెక్కినంక కాదు మామా, పొద్దుగూకినంక అని ఉండాలె. నీళ్లు సల్లబడితేనే ఇక్కడ చేప పడేది" అన్నాడు. అతని చేప వాలై. మనకు కొర్రమట్ట రాష్ట్ర చేప అయినట్టు, అది 1965 నుంచి ఆ రాష్ట్ర చేప. దానికి 20 డిగ్రీల చుట్టుపక్కల నీరు హాయి. ఎండాకాలం లోతున దాక్కున్నది, సెప్టెంబరు, అక్టోబరులో మిల్ లాక్స్ లాంటి సరస్సులు చల్లబడగానే చిన్నచేపల వెంట ఒడ్డుకొస్తుంది. మంచు కప్పేలోగా కడుపు నింపుకోవాలి. పిల్లికంటిలా దాని కంట్లోనూ వెలుతురును తిప్పికొట్టే పొర ఉంది. మసకచీకట్లో ఆ చిన్నచేపలు చూడలేనప్పుడు తాను చూస్తుంది. అందుకే పొద్దుగూకడం.

ఇప్పుడు చతుర్థి అవసరం బోధపడిందా? ఏ డిగ్రీల దగ్గర మన రవ్వ మూతి ముడుచుకుంటుందో, ఆ డిగ్రీల దగ్గరే వాలై నోరు తెరుస్తుంది. రెండు పాఠాలూ గ్రాహ్యాలే, వీసా ఉన్నవాడికి.

అలంకారము

కావ్యలింగమని కొందరు. అసంగతి అని మా మతం: కారణమొకచోట, కార్యమొకచోట. నీళ్లు చల్లబడింది మూసీలో, బేరం చల్లబడింది నకిరేకల్ చేపల బజారులో.

దీనిపై ఒక శంక మిగిలింది. కార్తీకంలో బేరం పడిపోయేది చేపలు దొరకకనా, ఊరు సగం నీచు మానేయడం వల్లనా? మూలకర్త ప్రతి క్రియనూ తూచి వాడాడు. గాలమెయ్ అన్నాడు. పట్టు అని గాని, వండు అని గాని, తిను అని గాని అనలేదు. ఆయన మెడలో శివమాల ఉంది. కాబట్టి ఆ మూడు క్రియలనూ అమావాస్య వెళ్లేదాకా ఎవరూ అధ్యాహారం చేసుకోరాదు.