మూసీ ఒడ్డున చేపల భోజనం చేసే పద్ధతి

నాగోల్ నుంచి సముద్రం 300 కిలోమీటర్ల పైచిలుకు. అయినా ఆదివారం మధ్యాహ్నం నీళ్లు చూస్తూ చేపలు తినాలని ఇంటిల్లిపాదికీ బుద్ధి పుడితే మూసీ వంతెన దారి పట్టండి. కుటుంబం నడిపే చిన్న హోటల్ ఏదో ఒకటి తగులుతుంది. ఆయన గల్లాపెట్టె దగ్గర, ఆవిడ పొయ్యి దగ్గర, కొడుకు బల్లలు తుడుస్తూ ఉంటారు. అక్కడ ఎలా మసలుకోవాలో చెబుతాను, వినండి.

ఏసీ గది వద్దని కిటికీ పక్క బల్లకే పట్టుబట్టండి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఊరంతా కడిగిన నీళ్లు మోసుకుంటూ మన దగ్గరికొచ్చేసరికి తెల్లగా నురగ కక్కుతుంటుంది. పిల్లలకు అవి అలలని చూపించండి. గుర్రపుడెక్కను పచ్చిక అనుకోండి. నాగోల్‌లో రోజుకు 17.2 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉందని ఎవరైనా గుర్తుచేస్తే మాట మార్చేయండి. గాలి నది వైపు నుంచి వీచినప్పుడు గుండెల నిండా పీల్చుకోండి.

ఆర్డరిచ్చే ముందు, "అన్నా, ఈ చేప ఎదురుగా మూసీలో పట్టిందేనా?" అని నిలదీయండి. కాదంటే లేచొచ్చేయండి. ఐసు పెట్టెలో రాత్రంతా లారీ ప్రయాణం చేసొచ్చిన భీమవరం రొయ్యకు నాగోల్ గురించి ఏం తెలుసు?

కొర్రమీను టబ్బులో కదులుతుంటే అసలొద్దు. నీళ్లు తక్కువైనా పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది కాబట్టే దాన్ని ప్రాణంతో అమ్ముతారు. అంత మొండిది ఉడుకుతుందా? మిగతా చేపల మొప్పలెత్తి చూడకండి. అవి ఎర్రగా ఉన్నాయా, నల్లబడ్డాయా అన్నది చేప సొంత వ్యవహారం. కోసేవాడు బూడిద, కల్లుప్పు రాసి బండకేసి రుద్ది జిగురు వదలగొడుతుంటే, "అంత అవసరమా, తొందరగా కానియ్" అని కేకెయ్యండి.

జనవరిలో వెళ్తే పులస అడగండి. వానాకాలంలో, గోదావరికి ఎర్రనీళ్లొచ్చినప్పుడే అది సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. "ఉంది సార్" అన్నవాడే నిజమైన వ్యాపారి, ఎంతడిగితే అంతిచ్చేయండి. బేరాలు మృగశిర కార్తె నాటికి దాచుకోండి. ఊరంతా చేప కోసం ఎగబడే రోజున ధర ఎందుకు తగ్గించరో చూద్దాం.

ఇక పులుసు. గరిటె పెడితే ముక్క చితుకుతుందని ఆ అక్క మసిగుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని గుండ్రంగా, నెమ్మదిగా తిప్పుతుంది. చూస్తూ ఊరుకోకండి. వంటింట్లోకి వెళ్లి గరిటె చేతికివ్వండి. పులుపు ముక్కకు పట్టాలంటే కాసేపు ఆగాలంటుంది, పది నిమిషాల్లో బల్ల మీదకు రావాలనండి. మెంతులు చేదు కాబట్టి తీసేయమనండి. ముల్లు లేని బొచ్చె కావాలనండి. అది లేదంటే అపోలో ఫిష్ తెప్పించుకోండి. కరివేపాకు, పచ్చిమిర్చి ఏరి పక్కన పెట్టాక ఏమైనా మిగిలితే అదే చేప.

బిల్లొచ్చాక సగం తగ్గించమనండి. ఇంటివాళ్లే వండి, ఇంటివాళ్లే వడ్డించినప్పుడు జీతాల ఖర్చెక్కడిది? ఆ కుర్రాడు పదో తరగతి పుస్తకం గల్లాపెట్టె కింద పెట్టుకుని చదువుతుంటే, ఇంకో గ్లాసు మజ్జిగ తెమ్మనండి. బయటికొచ్చి ఫోన్ తీసి, నది కంపు కొడుతోందని రాసి హోటల్‌కు ఒక్క స్టారివ్వండి.

సోమవారం మాత్రం పొరపాటున కూడా వెళ్లకండి. నిన్నటి పులుసు ఆ రోజుకు ముక్క లోపలికంటా పట్టి ఉంటుంది. బేరాలు లేని వేళ చూసుకుని ఇంటివాళ్లే దాంతో అన్నం తింటారు. అడిగితే మీకూ పెడతారు.