ఆస్కామ్ బాబాయి

దుర్భిణి కొని సాఫ్ట్‌వేర్‌లో మునిగిపోయే ఈ జాతి మనుషులు విశాఖలోనూ ఉంటారు, హైదరాబాదులోనూ ఉంటారు. నిండుగా విరబూసి చూడాలంటే మాత్రం జగదల్‌పూర్ రావాలి. కిరండూల్ లైను మీద రైల్వే ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డ తెలుగు బాబాయి. ఊరు దాటి చిత్రకోట దారి పడితే పాలపుంత ఉత్త కంటికే ఆనే చీకటి. అంత చీకట్లో కూర్చుని బాబాయి చేసే పని, లాప్‌టాప్ వెలుతురులో దుర్భిణిని కంప్యూటర్‌తో నడిపే డ్రైవర్లు పోల్చడం.

"శనిగ్రహం చూపించు బాబాయ్" అంటారు పిల్లలు.

"చూపిస్తానురా. ముందు ఆస్కామా, ఇండీనా, అది తేలనీండి."

తేలాల్సిందేమిటో అన్నం తింటూ కూడా చెబుతాడు. ఒకప్పుడు ఏ కంపెనీ దుర్భిణి దాని సొంత భాషే మాట్లాడేది. ప్రోగ్రాం రాసేవాడు పరికరానికో డ్రైవర్ రాసుకుని చచ్చేవాడు. 1998లో బాబ్ డెన్నీ ఆస్కామ్ తెచ్చి, దుర్భిణి ఎవరిదైనా ఆజ్ఞలు ఇవే అని ఖాయం చేశాడు. కాకపోతే అది విండోస్ కొంగు వదలలేదు. ఎల్‌వుడ్ డౌనీ మొదలెట్టిన ఇండీది లినక్స్ వైపు చుట్టరికం. రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ ఒకటి దుర్భిణిని తిప్పే మౌంట్‌కి కట్టేసి ఇండీ సర్వర్ నడిపితే, డిసెంబరు చలిలో మనం ఇంట్లో దుప్పటి కప్పుకుని కేస్టార్స్ అనే నక్షత్రపటం ప్రోగ్రాంలో నక్షత్రం మీద నొక్కొచ్చు. పోర్టు 7624. ఆ నంబరు ఆయనకి పెళ్లిరోజు కంటే బాగా గుర్తు.

సంక్రాంతికి ఇండీ భక్తుడు, శివరాత్రికి ఆస్కామ్ భక్తుడు. యూఎస్‌బీ తీగ పక్క రంధ్రంలో గుచ్చితే విండోస్‌లో కామ్ 3 పోర్టు కాస్తా కామ్ 7 అయి కూర్చుంటుంది, ఆ రాత్రికి మౌంట్ కదలదు. విసుగెత్తి లినక్స్‌కి పోతే, ఆ పోర్టు తాకే అనుమతి నీకు లేదు, ముందు డయలౌట్ గుంపులో పేరు చేర్పించుకో అంటుంది. ఈలోగా శని అస్తమిస్తుంది.

వాన పడేలా ఉంది, పైకప్పు తెరవొద్దని చెప్పడానికి ఆస్కామ్‌లో సేఫ్టీ మానిటర్ అని ప్రత్యేకంగా ఒకటుంది. ఆ ఇంట్లో ఆ ఉద్యోగం పిన్నిది. "ఏవండీ, మబ్బేసింది. ఆ గొట్టం లోపల పెట్టండి."

జూన్ నుంచి సెప్టెంబరు దాకా బస్తర్ ఆకాశం మూతబడే ఉంటుంది. అసలు సీజను ఆయనకదే. రెండింటిలోనూ సిమ్యులేటర్లున్నాయి. దుర్భిణి అటకెక్కుతుంది, బాబాయి వరండాలో కూర్చుని లేని దుర్భిణిని తిప్పి లేని కెమెరాతో ఫొటోలు తీస్తాడు. ఒక్క ఎర్రర్ మెసేజీ రాదు. ఆయన ముఖంలో అంత వెలుగు పౌర్ణమికి కూడా చూడలేదు.

తర్వాత ఆస్కామ్ వాళ్లే అల్పాకా తెచ్చారు. విండోసే ఉండాలన్న పట్టింపు పోయి, నెట్‌వర్క్ మీద హెచ్‌టీటీపీతో పనైపోతుంది. హమ్మయ్య, తగువు తీరిందనుకున్నాం. ఇప్పుడు మూడింటినీ పోలుస్తున్నాడు.

నన్నడిగితే విండోస్ లాప్‌టాప్ ఉన్నవాడికి ఆస్కామ్, రాస్ప్‌బెర్రీ పై ఉన్నవాడికి ఇండీ. అంతకుమించి ఆలోచించక్కర్లేదు. ఇండిగో అని నాలుగోది కూడా ఒకటుంది. జగదల్‌పూర్ వైపు వెళ్లినవాళ్లు దయచేసి ఆ మాట ఆయన చెవిన వేయకండి. పిల్లలింకా శనిని చూడలేదు.