సర్కారు వారి సత్యముద్ర

మా తిరుత్తణి వాళ్లంత అదృష్టవంతులు దేశంలో ఉండరు. మాకు నిజం చెప్పడానికి మూడు ప్రభుత్వాలు పోటీపడ్డాయి. ఢిల్లీ వారి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ 2019 నుంచి ఉంది. చెన్నై వారు 2023 అక్టోబర్‌లో జీవో ఇచ్చి తమ నిజనిర్ధారణ విభాగం పెట్టారు. అటు నగరి వైపు నాలుగడుగులు వేస్తే ఏపీ ఫ్యాక్ట్ చెక్. దాన్ని 2021 మార్చిలో అప్పటి జగన్ ప్రభుత్వం ప్రారంభించింది. అందరి పనీ ఒకటే: ప్రభుత్వం మీద వచ్చిన వార్త నిజమా కాదా తేల్చడం. అందరికీ జీతం ఇచ్చేదీ ఆ ప్రభుత్వమే.

ఈ వైభోగం 1960లో ఉంటే ఎంత బాగుండేది! ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలో పడుకున్న తిరుత్తణి చెంగల్పట్టు జిల్లాలో నిద్ర లేచింది. తేదీ చూడగానే ముగ్గురూ కలిసి ‘ఫేక్’ అని కొట్టిపారేసేవారు. తాలూకా చిత్తూరులోనే మిగిలిపోయేదేమో.

వేళాకోళం అటుంచి, ఈ ముద్రలు ఏ మాత్రం పనికొస్తాయో చూడాలంటే మా తిరువళ్లూరు జిల్లాలోనే ఊత్తుకోట దాకా రండి. కండలేరులో బయల్దేరిన కృష్ణా నీళ్లు ఆంధ్రలో 152 కిలోమీటర్లు పారి అక్కడికి దగ్గర్లో సరిహద్దు దాటుతాయి. ఆ చోటుకి జీరో పాయింట్ అని పేరు. అక్కణ్ణుంచి ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి జలాశయం. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి ఏటా 12 టీఎంసీలు రావాలి. వదిలిన నీళ్లను ఆంధ్ర ఇంజనీర్లు కండలేరు తూము దగ్గర కొలుస్తారు. వచ్చిన నీళ్లను తమిళ ఇంజనీర్లు జీరో పాయింట్ దగ్గర కొలుస్తారు. మధ్యలో ఎండ తాగింది కొంత, కాలువ పీల్చింది కొంత, గట్టు మీది మోటార్లు లాగింది కొంత. కాబట్టి అంకెలు రెండు. రెండూ నిజమే!

ఇప్పుడు ‘ఆంధ్ర నీళ్లు సరిగా ఇవ్వలేదు’ అని ఒక తమిళ పత్రిక రాసిందనుకోండి. అమరావతి ముద్ర ఏం చెబుతుంది? అబద్ధం. ‘అడిగినన్ని వదిలాం’ అని ఒక తెలుగు పత్రిక రాసిందనుకోండి. చెన్నై ముద్ర? తప్పుదోవ పట్టించే వార్త. రెండు పత్రికలూ చదివే మా బోటివాళ్లు ఏది నమ్మాలి? ఎటువైపు ఓటుంటే ఆ ముద్రనా? కుశస్థలి నది మీద ఆంధ్ర జలాశయాలు కట్టొద్దని 2022లో స్టాలిన్ జగన్‌కి లేఖ రాసినప్పుడూ ఇదే చిక్కు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ బంతిలో వడ్డించేవాడూ తినేవాడూ బాగుందని మెచ్చుకునేవాడూ ఒకడే. చెన్నైలో ఆ విభాగానికి యూటర్న్ అనే నిజనిర్ధారణ సంస్థ నడిపిన అయ్యన్ కార్తికేయన్‌ను అధిపతిగా వేశారు. అన్నాడీఎంకే ఐటీ విభాగం వెంటనే మద్రాస్ హైకోర్టు మెట్లెక్కింది. ఆయన సమర్థుడా కాదా అన్నది నా గొడవ కాదు. నిన్నటిదాకా ప్రభుత్వాన్ని తనిఖీ చేయగలిగిన మనిషి ఇవాళ ఆ ప్రభుత్వం జీతగాడైతే, రేపు ఆయన వేసే ముద్రకి ఎదుటి పార్టీవాడు విలువిస్తాడా?

ఆంధ్ర వారు ఇంకో మెట్టు పైకెళ్లారు. తప్పుడు వార్త రాస్తే కేసు పెట్టే అధికారం శాఖల కార్యదర్శుల చేతికిస్తూ 2019 అక్టోబర్‌లో 2430 జీవో. దానికి 2007 నాటి 938 జీవో పెద్దన్న. కొరడా అలా ఉంటే బెల్లం ఇలా: పేపరు కొనుక్కోమని గ్రామ, వార్డు వలంటీర్లకి నెలకి 200 రూపాయలు, 2022లో. బాగా చెలామణిలో ఉన్న పేపరు కొనుక్కోవాలన్నారు గానీ పేరు చెప్పలేదు. ఆ డబ్బు అప్పటి ముఖ్యమంత్రి కుటుంబపు సాక్షికి మేలు చేయడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. ముద్ర వేసేదీ కేసు పెట్టేదీ చందా కట్టేదీ ఒకే చెయ్యి అన్నమాట.

కేంద్రం దారి ఇంకా సొగసైనది. 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు మార్చి, తన పనుల మీద వచ్చే సమాచారంలో ఏది అబద్ధమో తాను పెట్టిన విభాగమే చెబుతుందంది. అది అబద్ధమన్న దాన్ని తీసేయకపోతే సోషల్ మీడియా సంస్థలకి చట్టం ఇచ్చే రక్షణ పోయే ప్రమాదం. హాస్య కళాకారుడు కునాల్ కామ్రా బొంబాయి హైకోర్టుకి వెళ్లాడు. 2024 మార్చి 20న విభాగాన్ని నోటిఫై చేస్తే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిబంధననే కొట్టేసింది. నవ్వించేవాడి పిటిషన్ మీద ఇంత గంభీరమైన తీర్పు రావడం మన ప్రజాస్వామ్యం చేసిన జోకు.

అమెరికా వాళ్లు మనకి తీసిపోలేదు. అక్కడి విదేశాంగ శాఖ విభాగమొకటి పత్రికలకి నమ్మకం మార్కులు వేసే సంస్థకి లక్ష డాలర్ల గ్రాంటిచ్చింది. మార్కులు తగ్గిన పత్రికలు 2023లో దావా వేశాయి. మరుసటి ఏడాది ఆ విభాగమే మూతపడింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం భావస్వేచ్ఛ పేరు చెప్పి అలాంటి మార్కుల సంస్థల మీదే విచారణలు మొదలుపెట్టింది. పార్టీ మారింది, బుద్ధి మారలేదు.

వదంతులు ప్రమాదమే, కాదనను. 2023 మార్చిలో తమిళనాడులో బీహారీ కూలీల్ని చంపేస్తున్నారని దొంగ వీడియోలు తిరిగాయి, జనం భయపడి రైళ్లెక్కారు. ఆ మంట ఆర్పింది ఊరూ తేదీ చెప్పి, ఏ వీడియో ఎక్కడిదో విప్పి చూపిన పోలీసులు. అప్పటికి చెన్నై ముద్ర ఇంకా పుట్టనే లేదు. ప్రభుత్వానికి ఖండన ఇచ్చే హక్కు ఎప్పుడూ ఉంది, దానికి సమాచార శాఖ ఉంది, ప్రెస్ నోట్ ఉంది. ఖండన అంటే నా మాట ఇదీ అని చెప్పడం. ముద్ర అంటే నీ మాట చెల్లదని తీర్పివ్వడం. కక్షిదారుకి తీర్పు రాసే పని దేనికి? ఈ విభాగాల్లో ఏదైనా తన సొంత మంత్రి ప్రసంగం మీద ‘అబద్ధం’ అని కొట్టడం మీరెవరైనా చూస్తే చెప్పండి, నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

అంతవరకు రెండు రాష్ట్రాల దొరవార్లకి ఒక్క విన్నపం. ముద్రలకయ్యే డబ్బులో కాస్త తీసి కండలేరు తూము రీడింగు, జీరో పాయింట్ రీడింగు పక్కపక్కనే రాసి ఊత్తుకోట బస్టాండులో రోజూ ఒక బోర్డు పెట్టించండి, తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. తీసివేత మేం చేసుకుంటాం.