మీ ఆయన చదివారా?

డిటెక్టివ్ నవల రాసినాయన్ని “ఇంతకీ తమరెంతమందిని చంపారండీ?” అని ఎవరూ అడగరు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ చుట్టూ ఎన్ని శవాలు పడ్డా, రచయిత పెరడు తవ్వి చూద్దామని ఏ పోలీసుకీ బుద్ధి పుట్టలేదు. దయ్యాల కథలు రాసేవాళ్ళ ఇంటికి భూతవైద్యుణ్ణి పంపినవాళ్ళూ లేరు. ప్రేమకథ రాసిన ఆడమనిషి కనబడిందా, తెలుగు పెద్దమనిషిలో పరిశోధకుడు నిద్ర లేస్తాడు. “అసలిలాంటివి రాయాలని మీకెందుకనిపించిందమ్మా?” అని గొంతు తగ్గించి మొదలెడతాడు. ఆవిడ నోరు విప్పేలోపే రెండోది వచ్చి పడుతుంది: “మీ ఆయన చదివారా?”

ఆయనకి జవాబుతో పనిలేదు. అది జేబులో పెట్టుకునే వస్తాడు. దాని పేరు లోటు సిద్ధాంతం. ఇంట్లో దొరకనిది కాగితం మీద వెతుక్కుంటోందట. సంసారం సరిగ్గా లేదు, అందుకే రాస్తోంది. సంసారం బాగానే ఉందంటారా? అయితే బాగున్నట్టు నటిస్తోంది, అందుకే రాస్తోంది. పెళ్ళికాని పిల్ల రాస్తే కోరిక, పెళ్ళయినావిడ రాస్తే అసంతృప్తి, మనవలున్నావిడ రాస్తే మర్చిపోలేని పాత కథ. ఏ వయసులో కలం పట్టినా దొరికిపోవాల్సిందే. ఇంత పకడ్బందీ శాస్త్రం మన జ్యోతిష్కుల దగ్గర కూడా లేదు. వాళ్ళకి కనీసం పుట్టిన వేళ కావాలి.

మగవాళ్ళ వీధిలోకి అడుగుపెట్టగానే ఈ శాస్త్రానికి ఎక్కడలేని మర్యాదా వచ్చేస్తుంది. భావకవులు కనబడని ప్రేయసి కోసం దిక్కులు పిక్కటిల్లేలా విలపించారు. ఎవరండీ ఆవిడ, ఇంట్లోవాళ్ళకి తెలుసా అని ఆరా తీశామా? లేదు. రాయప్రోలు సుబ్బారావు గారు ఆ బాపతు ప్రేమకి అమలిన శృంగారమని సిద్ధాంతం కట్టి పెట్టారు, మనం దాన్ని పరీక్ష పేపర్లో పది మార్కుల ప్రశ్న చేశాం. పెద్దన గారి వరూధిని ప్రవరుడి వెంటపడిన తీరు చదివి మెచ్చుకుని, రాయలవారే ఆయన కాలికి గండపెండేరం తొడిగారని చెప్పుకు మురుస్తాం. అల్లసాని వారి ఇల్లాలు ఆ పద్యాలు చదివిందా అని వాకబు చేసిన వ్యాఖ్యాత నాకింతవరకూ తగల్లేదు.

ముద్దుపళని పేరెత్తగానే లెక్క మారుతుంది. 18వ శతాబ్దంలో తంజావూరులో, ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి ఆవిడ. ‘రాధికాసాంత్వనము’ రాసింది. అందులో ఉన్నది ప్రబంధాల్లో ఉండే శృంగారమే. రాసిన చెయ్యే తేడా. సంఘసంస్కర్త వీరేశలింగం గారు సైతం ఆడది ఇలా రాయడమేమిటని ముఖం చిట్లించారు. బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. పుస్తకాన్ని పూర్తిగా పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. ఈ సిగ్గూ శరమూ ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని నిలదీసింది. తెల్లదొరల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి తన రసజ్ఞత చాటుకుంది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధాని కావలసి వచ్చింది. రాధ అలక తీర్చడానికి కృష్ణుడికి కూడా అంతకాలం పట్టలేదు.

చలాన్నీ పీక్కు తిన్నారు కదా అంటారేమో. నిజమే, తిన్నారు. కానీ ఆయన పెళ్ళినీ కాపురాన్నీ ఉతికి ఆరేశాడు. మన రచయిత్రులు చేసిన ఘోరమల్లా చివరి పేజీలో పెళ్ళి చెయ్యడమే! అయినా వదల్లేదు.

1960, 70ల్లో వారపత్రిక పోస్టులో వస్తే, వాకిట్లోనే సీరియల్ పేజీ తిప్పిన కాలం గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. అప్పుడే పండితులు రెండో సిద్ధాంతం కనిపెట్టారు. ఆడవాళ్ళు ఊసుపోక రాస్తారు, ఊసుపోక చదువుతారు, అది వంటింటి సాహిత్యం. కోడూరి కౌసల్యాదేవి ఊసుపోక రాసిన ‘ప్రేమనగర్’ని నమ్ముకునే, నష్టాల్లో ఉన్న రామానాయుడు గారు 1971లో సినిమా తీసి గట్టెక్కారు. తమిళంలో శివాజీ గణేశన్, హిందీలో రాజేష్ ఖన్నా అదే కథ పట్టుకుని తాగి ఏడ్చారు. ప్రేమకథ వైపు మీ మనసెందుకు మళ్ళిందని నిర్మాతని ఎవరూ అడగలేదు. ఇంకో తమాషా. ఆడపేరుంటేనే సీరియల్ ఆడుతుందని తెలిశాక కొందరు మగ రచయితలు ఆడపేర్లు తగిలించుకున్నారు. ఈ మీసాల రచయిత్రులకి ఇంట్లో ఏం లోటయిందో లోటు సిద్ధాంతులు నేటికీ తేల్చలేదు. వాళ్ళావిడలు చదివారో లేదో!

సరే, నిజంగానే ఎందుకు రాస్తారు? అడిగి విననివాళ్ళకి కాకపోయినా మిగతావాళ్ళకి చెబుతాను. ఇద్దరు మనుషులు ఒకరికొకరు నచ్చారని చదివేవాళ్ళకి మొదటివారమే తెలిసిపోతుంది. ఆ ఇద్దరికీ తెలియకుండా నెలల తరబడి కథ నడపాలి. ఉత్తరం అందకూడదు, అందినా మరొకరు చదవాలి, మాట నోటిదాకా వచ్చి ఆగాలి, చదివేవాళ్ళకి విసుగు రాకూడదు, వచ్చేవారం పత్రిక కొనాలి. హత్యయితే మొదటి పేజీలోనే శవం పడుతుంది, మిగతాదంతా అదే లాక్కుపోతుంది. ఇక్కడ ఏమీ జరగదు, జరగకపోవడాన్నే రాయాలి. ఈ పనిలో పడినవాళ్ళకి అది వ్యసనమవుతుందంటే నాకాశ్చర్యం లేదు.

ఇంకొకటి. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పులు అందించి తల దించుకోవడం తప్ప పిల్లకి డైలాగు లేని రోజులవి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగం చేసి సంపాదించుకుంటుంది, కార్లూ మేడలూ ఉన్న రాజశేఖరానికి ఎదురుచెబుతుంది. రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ ఆ ఎదురుచెప్పడంలో ఉన్న రుచి లోటు సిద్ధాంతానికి అందదు. ఆ నవలల్లో తప్పుల్లేవని కాదు. హీరో అహంకారాన్ని ప్రేమని నమ్మించడం మీద నాకూ పేచీ ఉంది. నా పేచీ పుస్తకంతో. రాసినావిడ పడగ్గదితో కాదు.

చాలా పత్రికలు మూతపడ్డాయి, సీరియల్ ఫోన్లోకి మారింది. ప్రతిలిపి లాంటి యాప్‌లలో పిల్లల్ని బడికి పంపి కొందరు, రాత్రి గిన్నెలు కడిగాక కొందరు రోజుకో భాగం రాస్తున్నారు. ప్రశ్న మాత్రం మారలేదు, చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అడిగేవాళ్ళు తాము ఇలాంటి చెత్త ముట్టమని ముందే ప్రమాణం చేస్తారు. అలాంటి పెద్దమనిషి ఈసారి తగిలితే వాదించకండి. “బాబాయిగారూ, ‘సెక్రటరీ’లో హీరో రాజారావు ఉన్నాడే...” అని తప్పు పేరు చెప్పి ఆగండి.

“రాజారావెవడమ్మా, రాజశేఖరం!” అంటాడు.