పాత ట్రాక్టరు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

"పటేలా, ముంగట గుంజుతది, నడుమ ఆడుతది, ఎన్కకెంచి నూకుతది. ఇస్టీరింగుది తప్పేం లేదు. కింద పండుకొని సూడు."

అవతారిక

నిజామాబాదు నుంచి బోధన్ పోయే తోవలో, పాత ట్రాక్టర్లు విప్పి బిగించే ఒక రేకుల షెడ్డులో ఈ సూత్రం వెలువడింది. కర్త మిస్త్రీ. కొనబోయే సెకండ్‌హ్యాండ్ బండిని తోలి చూసిన రైతు "స్టీరింగు కుదురుగా లేదు, పెట్టె మార్పించాలా?" అని అడగడం సందర్భం.

ప్రతి మంత్రానికీ ఋషి, ఛందస్సు, దేవత చెప్పడం ఆచారం. ఇక్కడ ఋషి మ్యూనిచ్‌లో గుర్రపు బండ్లు చేసిన లాంకెన్‌స్పెర్గర్. ఇరుసు కదలకుండా ఉండగానే దాని కొసల్లోని చక్రాలు వేటికవి తిరగడం 1817 నాటి ఆయన దర్శనం. మరుసటేడు ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నవాడు ఆయన ఏజెంటు ఆకర్‌మన్. లోకంలో నిలిచింది ఏజెంటు పేరే. పాత బండ్ల బేరాలు చేసినవారికి ఇందులో వింత కనబడదు. ఛందస్సు గతుకు. దేవత గ్రీజు.

ఇక దేశకాలాలు. బోధనే ఏకచక్రపురమని స్థానికుల నమ్మకం. ఆ లెక్కన బకాసురుడికి బండెడన్నం తోలుకుపోయిన భీముడు ఈ సీమలో మొదటి సరుకు రవాణాదారు. ఆయన బండికి స్టీరింగు లేదు, పశువులకే తోవ తెలుసు. పైగా లోడు తగ్గించే పని కూడా తోలేవాడే చూసుకున్నాడు. కలియుగంలో మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది, కాలువ కింద చెరకు లేచింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది, శక్కర్‌నగర్ అని దాని చుట్టూ ఒక ఊరే వెలిసింది. 2015 డిసెంబరులో ఆ గేటు మూతబడ్డాక చాలామంది వరికి మళ్లారు. చెరకు వదలనివారు దాన్ని కామారెడ్డి జిల్లా మిల్లుల దాకా తోలుకోవాలి. దుక్కికి పుట్టిన బండికి గంటల తరబడి తారురోడ్డు రాసిపెట్టి ఉంది. స్టీరింగులో బెత్తెడు ప్లే (వదులు) ఉన్నా పొలం గట్టు ఓర్చుకుంటుంది. ఎదురుగా వచ్చే లారీకి అంత ఓపిక లేదు.

ప్రతిపదార్థం

పటేలా = ఓ రైతా (ఎకరం ఉన్నా, ఎకరం కౌలుకు చేస్తున్నా ఇదే పిలుపు); ముంగట = ముందు చక్రాల దగ్గర; గుంజుతది = బండి ఒక పక్కకే పోతుంది; నడుమ = స్టీరింగు పెట్టె నుంచి చక్రం దాకా ఉన్న కీళ్లలో; ఆడుతది = వదులై కదులుతుంది; ఎన్కకెంచి = ట్రాలీ దిక్కు నుంచి; నూకుతది = నెట్టుతుంది; ఇస్టీరింగుది = చేతిలో ఉన్న చక్రానిది; తప్పేం లేదు = (దీనిమీద వివాదముంది, కింద 'శంక' చూడండి); కింద పండుకొని సూడు = స్పష్టం.

టీక

ముంగట గుంజుతది. మొదట గాలి చూడాలి. ఒక ముందు టైరులో గాలి తగ్గితే బండి ఆ పక్కకే పోతుంది. దీనికి పెట్టె విప్పడం పాపం. గాలి సమంగా ఉండీ గుంజితే బ్రేకు. "ముందు చక్రాలకు బ్రేకులే ఉండవు కదా?" అని పూర్వపక్షం. నిజమే, ఇలాంటి పాత బండ్లలో బ్రేకులు వెనకే. పొలం మూలలో కురచగా తిప్పడానికి కుడికొకటి, ఎడమకొకటి పెడలు ఇచ్చి, రోడ్డెక్కగానే రెంటినీ కలపడానికి ఒక లాకు ఇచ్చారు. పాత బండిలో ఆ లాకు ఉండదు, దాని చోట బైండింగు వైరు ఉంటుంది. వైరూ లేకపోతే తొక్కినప్పుడల్లా ఒక చక్రమే ఆగి బండి అడ్డం తిరుగుతుంది. లాకు ఉన్నా ఒక పక్క బ్రేకు బిగువుగా ఉంటే గుంజుడు తప్పదు.

రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ వంగితే చక్రాల చూపు చెడుతుంది. ట్రాక్టరు ముందు చక్రాలు పైనుంచి చూస్తే ముందువైపు కొద్ది మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాలి. హిమదేశ శాఖవారు స్నోమొబైల్ (మంచు మీద పోయే బండి) స్కీలను దీనికి విరుద్ధంగా, ముందు కాస్త ఎడంగా పెడతారు. శాఖాభేదమే గానీ సిద్ధాంతం ఒకటే: ముందున్నవి నేలను కరవాలి. వారికి స్కీ అడుగున కార్బైడు కడ్డీ అరిగినా, మనకు ముందు టైరు మీది గీరలు అరిగినా బండి తిప్పిన దిక్కుకు పోదు, పోతున్న దిక్కుకే పోతుంది.

నడుమ ఆడుతది. సూత్రానికి ప్రాణం ఇది. ఈ సీమ బండి ఒకే ఏడాదిలో చెరకు రోడ్డూ చూస్తుంది, వరి కరిగెటా చూస్తుంది. కేజీ వీల్స్ (ఇనుప పంజరపు చక్రాలు) వేసుకొని బురదలో తిరిగేటప్పుడు ముందు హబ్బులు నీళ్లలో మునుగుతాయి. సీలు అరిగిన చోట బురద లోపలికి దూరి బేరింగునూ, ముందు చక్రాన్ని పక్కకు తిరగనిచ్చే కింగ్ పిన్ను బుష్షునూ ఆకురాయిలా అరగదీస్తుంది. మూడ్నాలుగు కీళ్లలో తలా కాస్త వదులు కూడి చేతిదాకా వచ్చేసరికి బెత్తెడవుతుంది. ఏ కీలుది ఎంత వాటా అన్నది తేల్చడమే శాస్త్రం.

విధానం: ఇంజను బందు పెట్టి ఒకరు సీటు మీద కూర్చొని స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు కింద ఒక్కొక్క ఎండు (రాడ్డు కొసన ఉండే బాల్ జాయింటు) మీద చెయ్యి పెట్టాలి. పెట్టె నుంచి దిగే డ్రాప్ ఆర్ము కదిలినా దాని పక్క రాడ్డు వెంటనే కదలకపోతే నేరస్థుడు ఆ బాల్ జాయింటే. తరువాత ముందు ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాలి. హబ్బు ఒక్కటే ఊగితే బేరింగు. హబ్బుతో పాటు స్పిండిలూ ఊగితే కింగ్ పిన్ను. ఇరుసు మొత్తం ముందుకూ వెనక్కూ జరిగితే దాన్ని బండికి పట్టే నడిమి పిన్ను బుష్షు అరిగింది. ఈ చివరిదాన్ని చాలామంది చూడరు, చూడకుండా కొత్త ఎండ్లు వేయించి మళ్లీ వస్తారు.

ఇక్కడ ప్రక్షిప్తాల సంగతి చెప్పాలి. మూలగ్రంథంలో లేఖకులు చేర్చిన పద్యాల్లాంటివి పాత బండికి అమ్మేవాడు చేర్చే బిగింపులు. స్టీరింగు పెట్టెలో నేరుగా పోయేటప్పుడు పనిచేసే నడిమి భాగమే ఎక్కువ అరుగుతుంది. అక్కడి ప్లే పోయేదాకా పెట్టెను బిగిస్తే సాఫుగా పోతున్నప్పుడు బండి భేషుగ్గా ఉంటుంది, మలుపులో పట్టేస్తుంది. కాబట్టి జాకీ మీద ఉండగానే ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడాలి. నడుమ మెత్తగా, కొసల్లో గట్టిగా ఉంటే ఆ మెత్తదనం నిన్నటిదే.

ఎన్కకెంచి నూకుతది. రెండు చక్రాల ట్రాలీలో చెరకు ముందువైపు ఎక్కువ పేరిస్తే బరువు హుక్కు మీద పడుతుంది. హుక్కు వెనక ఇరుసుకు అవతల ఉంటుంది గనుక ముక్కు లేస్తుంది. అప్పుడు స్టీరింగు తేలిగ్గా, ఒక వేలితో తిరుగుతుంది. కొనేవాడు దీన్ని గుణంగా ఎంచుతాడు. నిజానికి చక్రాలు నేలను వదిలిపెడుతున్న గుర్తు అది. ముందు బంపరుకు ఇనుప దిమ్మలు తగిలించాలి, లోడు సర్దాలి, హుక్కును ఎన్నడూ పైకి మార్చకూడదు. పల్లంలో అయితే బ్రేకు లేని ట్రాలీ వెనకనుంచి తోసి ట్రాక్టరునే అడ్డం తిప్పుతుంది. దానికి వ్యాఖ్య అక్కర్లేదు, చిన్న గేరు కావాలి.

తాత్పర్యం

ఓ రైతా, నీ చేతికి తెలిసిన జబ్బు నీ చేతిలో పుట్టలేదు. అది నేల దగ్గరో, కీళ్లలోనో, వెనక ఉన్న బరువులోనో పుట్టి అక్కడిదాకా వచ్చింది.

శంక

"తప్పేం లేదు" అనడం అతిశయోక్తి కాదా? అతిశయోక్తే. పెట్టె కూడా అరుగుతుంది, అందులో నూనె కూడా ఎండుతుంది. అయితే ఖరీదైన సామాను గనుక చివర చూడమని మిస్త్రీ హృదయం. పవర్ స్టీరింగు బండికైతే నూనె మట్టం, ఫిల్టరు, కారే పైపు, ఈ మూడూ చూశాకే పంపు మీద నింద వేయాలి.

విశేషం

"కింద పండుకొని సూడు" అన్నది వట్టి మర్యాద మాట కాదు. అమ్మకానికి పెట్టిన బండికి పైన కొత్త రంగూ, కీళ్ల చుట్టూ నిగనిగలాడే గ్రీజూ ఉంటాయి. వాటిని బట్టతో తుడిచి, గ్రీజు నిప్పిలు నోరు చూడాలి. ఆ నోట్లో రంగు గడ్డకట్టి ఉంటే లోపలికి గ్రీజు పోయి ఎన్నాళ్లయిందో అడగనక్కర్లేదు. లేచి చొక్కా దులుపుకొని, కింగ్ పిన్నుల జత, బుష్షులు, ఎండ్లు, మిస్త్రీ కూలీ ఒక కాయితం మీద రాసి, బేరం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.