నేను 318నే

నేనొక ఫెండర్ ట్యాగ్‌ను. అరచేతిలో ఇమిడే పలుచని రేకు మీద నాలుగైదు వరుసల అక్షరాలు, అంకెలు. బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి ఫెండర్‌కు రెండు స్క్రూలతో బిగించి కనిపించేదాన్ని. నా కారు 1970 మోడల్ ప్లిమత్ బారకూడా. మిషిగన్ రాష్ట్రంలోని హామ్‌ట్రామిక్ ఊళ్లో, డాడ్జ్ మెయిన్ అని అందరూ పిలిచే ఫ్యాక్టరీలో ఇద్దరం పుట్టాం. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, తర్వాత కూల్చేశారు. కాబట్టి పుట్టిల్లు చూసొద్దామన్నా నాకిప్పుడు లేదు.

నన్ను కింది నుంచి పైకి చదవాలి. కింది వరుసలో మొదట ఈ44, అంటే 318 ఘనపు అంగుళాల వి-8 ఇంజిన్. మీ లెక్కలో 5.2 లీటర్లు. పక్కన డి31, టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. తర్వాత కారు నంబరు: బిహెచ్23జి0బి, దాని వెనక వరస సంఖ్య. బి బారకూడా. హెచ్ అంటే అందులో మామూలు రకం. 23 రెండు తలుపుల హార్డ్‌టాప్. అయిదో స్థానంలోని జి మళ్లీ ఆ 318 ఇంజినే. సున్నా 1970, చివరి బి హామ్‌ట్రామిక్. ఆ జి అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత దానితో పని పడుతుంది.

రెండో వరుసలో ఎఫ్‌సి7, మెరిసే ఊదా రంగు. ప్లిమత్ వాళ్లు దాన్ని ఇన్-వయొలెట్ అన్నారు, డాడ్జ్ వాళ్లు ప్లమ్ క్రేజీ అన్నారు. రెండూ క్రైస్లర్ కంపెనీవే, డబ్బాలో రంగూ ఒకటే. షోరూమ్‌లో మాత్రం ఎవరి పేరు వాళ్లది. అదే వరుసలో బి14 ఉంది, అంటే నవంబరు 14. జనవరి నుంచి సెప్టెంబరు దాకా అంకెలు సరిపోయాయి. అక్టోబరుకు ఒక్క గడి చాలక ఎ, బి, సి మొదలయ్యాయి. అదీ కారు బయటికొచ్చిన రోజు కాదు, తయారుచేద్దామనుకున్న రోజు. ఆ పైన వి1ఎక్స్, నల్ల వినైల్ టాప్. తర్వాత కొన్నవాళ్లు కోరుకున్నవన్నీ అక్షరక్రమంలో వస్తాయి: సి16 సీట్ల మధ్య కన్సోల్, జి33 లోపల్నుంచే తిప్పుకునే అద్దం, ఆర్11 ఎఎం రేడియో. అన్నీ అయ్యాక ఎండ్. కోరికలు మరీ ఎక్కువైన కార్లకు ఒక రేకు చాలక రెండు బిగించేవాళ్లు. వాటిని చూసి నేనెప్పుడూ అసూయపడలేదు అంటే అబద్ధమే.

మీ ఆర్‌సీ పుస్తకం కారు ఇప్పుడు ఎవరిదో చెబుతుంది. కారు ఎలా పుట్టిందో చెప్పేదాన్ని నేను.

నాకో కాగితం చెల్లెలు ఉండేది. బ్రాడ్‌కాస్ట్ షీట్ అంటారు. లైన్లో ఏ కారుకు ఏది బిగించాలో పనివాళ్లు దాన్ని చూసే తెలుసుకునేవారు. నాకంటే దానికే ఎక్కువ సంగతులు తెలుసు. పనయ్యాక దాన్ని సీటు స్ప్రింగుల్లోనో కార్పెట్ కిందో దోపేసేవాళ్లు. ఒక్కోసారి పక్క కారు కాగితం మన కారులో చేరేది. మా చెల్లెలు సొంత కారులోనే, వెనక సీటు కిందే ఉండిపోయింది.

ఫోర్డు కార్ల అదృష్టం వేరు. వాటికి తలుపు మీద వివరాల రేకు ఉంది. అది పోయినా 1967 నుంచి ఉన్న ఫ్యాక్టరీ రికార్డులు చూసి మార్టీ అనే సంస్థ నివేదిక ఇస్తుంది. మా కాలపు క్రైస్లర్ కార్లకు అంత భరోసా లేదు. నేనో, ఆ కాగితమో మిగలాలి. ఇద్దరం పోతే ఎవరు చెప్పింది వాళ్లకు నిజం.

మొదటి యజమానురాలు ఆస్పత్రిలో నర్సు. కారుకు వేళకు ఆయిల్ మార్పించేది, వారం వారం కడిగేది. నన్ను ఒక్కసారీ చదవలేదు. చదవాల్సిన అవసరమేముంది, తను అడిగినవే కదా నా మీదున్నవి? ఆవిడ తర్వాత కారు చేతులు మారింది. 1973లో పెట్రోలు కోసం బంకుల ముందు వరుసలు మొదలయ్యాక ఎనిమిది సిలిండర్ల కారంటే మొహాలు మాడేవి. మూడో యజమాని ఇంజిన్ ఏదో చప్పుడు చేస్తోందని తీసుకెళ్లి పొలంలో షెడ్డు వెనక పెట్టాడు. వచ్చే నెల చూద్దామన్నాడు. ఆ నెల రాలేదు.

ఎన్ని శీతాకాలాలో. మంచు కరిగిన ప్రతిసారీ బానెట్ అంచు నుంచి నీళ్లు నా మీదుగానే జారేవి. దగ్గర్లోనే ఉన్న బ్యాటరీ పగిలి ఆసిడ్ కారింది. నా కింది మూల తెల్లగా పొక్కింది, అంకెలు మాత్రం నిలిచాయి. ఎలుకలు సీట్లలో కాపురం పెట్టాయి. మా చెల్లెలు వాటి పిల్లలకు పక్క అయింది. ఓ పిల్లాడు బంతి కోసం వచ్చి బానెట్ మీద కూర్చుంటే, ఎవరో నన్ను చూడటానికి వచ్చారని ఆశపడ్డాను.

ఈలోగా బయట లోకం తిరగబడింది. మా కార్లలోనే హెమీ అనే 426 ఘనపు అంగుళాల ఇంజిన్ ఉండేది, 425 గుర్రాల శక్తి. 1970లో దానికి అదనంగా 871.45 డాలర్లు కట్టాలి, బీమా కంపెనీ వాయింపు వేరే. అందుకే ఆ ఏడాది హెమీతో వచ్చిన బారకూడా హార్డ్‌టాప్‌లు 652, టాప్ తెరిచేవి 14. అప్పట్లో కొనేవాళ్లు లేక అరుదైనవి, అరుదైనవి కాబట్టే ఇప్పుడు పిచ్చి ధర. 2014లో సియాటిల్ వేలంలో 1971 మోడల్ హెమీ కన్వర్టిబుల్ ఒకటి 35 లక్షల డాలర్లకు పోయింది. ఆ మాట విన్నాక షెడ్డు వెనక తుప్పు పట్టే బారకూడాలన్నీ జనానికి వేరేలా కనిపించాయి.

మా దగ్గరికీ ఒకాయన వచ్చాడు. బానెట్ ఎత్తాడు, నన్ను తుడిచాడు. ఇన్నేళ్లకు ఒక మనిషి వేలు తగిలింది కదా అని నేను పొంగిపోతుంటే, "ప్చ్, 318" అన్నాడు. వారంలో నన్ను విప్పేశాడు. ఆ రెండు స్క్రూలను మాత్రం చిన్న కవర్లో వేసి, పేరు రాసి జాగ్రత్త చేశాడు. అవి ఒరిజినల్ అట! నన్ను కాఫీ డబ్బాలో పడేశాడు.

పాత కారుకు హెమీ బిగించి "ఇది నకలు, నా ముచ్చట కోసం చేసుకున్నాను" అని బాహాటంగా చెప్పేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. ఈయన ఆ రకం కాదు. ఊదా రంగు గీకించి, ఈవీ2 అనే మంట నారింజ పూయించాడు. హెమీ తెచ్చి దింపాడు. ఖాళీగా ఉన్న నా స్థానంలో కొత్త రేకు చేయించాలనుకున్నాడు. ఎలా ఉండాలో చూపించడానికి ఎవరిని తీసుకెళ్లాడనుకున్నారు? నన్నే. బల్ల మీద పెట్టి నా పొడుగూ వెడల్పూ, అక్షరాల ఎడమూ కొలిచారు. ఎఫ్‌సి7 చోట ఈవీ2 కొట్టారు. ఈ44 తీసి హెమీ గుర్తు ఈ74 కొట్టారు. నంబరులో బిహెచ్ పోయి హెమీ వచ్చే రకం గుర్తు బిఎస్ వచ్చింది, జి పోయి హెమీ అక్షరం ఆర్ వచ్చింది. మిగతావి నా మీద ఉన్నవి ఉన్నట్టే దించేశారు. డి31తో సహా.

హెమీకి డి31 ఎక్కడైనా వస్తుందా? అది చిన్న ఇంజిన్లకిచ్చే తేలిక గేర్‌బాక్సు. హెమీకి బరువైన డి32 ఉండాలి, లేదా నాలుగు గేర్ల మాన్యువల్ డి21. డబ్బాలో పడి ఉన్నా నాకు నవ్వాగలేదు.

ఇంకో సంగతీ వాళ్లు కదిలించలేకపోయారు. ముందద్దం వెనక, డ్యాష్‌బోర్డు మీద కారు నంబరు రేకు ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే అమెరికాలో ఫెడరల్ నేరం. అక్కడ జి అలాగే ఉంది. రేడియేటర్ బిగించే చట్రం మీద గుద్దిన నంబరూ పాతదే. తెచ్చిన హెమీ మీద గుద్దినది ఇంకే కారుదో. కొనేవాడు వంగి ఒక్కసారి సరిచూస్తే చాలు. కానీ హెమీ మోగుతుంటే, నారింజ రంగు మెరుస్తుంటే వంగేదెవరు? కారు అమ్ముడైంది.

ఆ డబ్బా కూడా అమ్ముడైంది, గ్యారేజీ ఖాళీ చేసిన రోజున. ఇప్పుడు నేను పాత సామాన్ల సంతలో ఒక బల్ల మీద, తుప్పు పట్టిన హబ్‌క్యాపుల మధ్య ఉన్నాను. ట్యాగులు పోగుచేసేవాళ్లు వస్తారు. హెమీవి ఉన్నాయా అని అడుగుతారు, నన్ను తిరగేస్తారు, పెట్టేస్తారు. ఒక కుర్రాడు తన ఊదా బారకూడాకు ట్యాగు లేదని నన్ను బిగించుకోబోయాడు. రంగు కలిసింది, ఇంజిన్ కలిసింది, నంబరు కలవలేదు. వాడు మంచివాడు, తిరిగి బల్ల మీద పెట్టాడు.

బేరమాడితే పది డాలర్లకు వస్తాను. నా నంబరు కారు ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడే నన్ను అంతకంటే ఎక్కువ పెట్టి కొనాలి. ఆ నారింజ కారు యజమాని అయితే ఎంత చెబితే అంత ఇస్తాడు, ఇచ్చి నన్ను సుత్తి కింద పెడతాడు.